పళ్ళెం మోగించి చూసి, చెవులు బాగున్నాయనుకున్నాం

మావాడికి 14 నెలలప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. వంటింట్లో దోసెలు పోస్తూ వాణ్ణి పేరు పెట్టి పిలిచాను. గుమ్మం దగ్గర గిన్నెలు ముందేసుకుని ఆడుకుంటున్నాడు. తిరగలేదు. ఇంకోసారి పిలిచాను. అప్పుడూ తిరగలేదు. ఆటలో పడితే పిలకాయలకు ఏదీ పట్టదులే అనుకుంటూ ఉండగానే కుక్కర్ విజిల్ వేసింది. వాడు ఉలిక్కిపడి పొయ్యి వైపు చూశాడు. హమ్మయ్య, వినపడుతోంది అనుకున్నాను. ఆ ఒక్క విజిల్‌ను నమ్ముకుని ఇంకో 15 నెలలు పోగొట్టుకున్నాం.

మాది కావలి. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేస్తారు. నేను ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. మా అత్తగారు నాకు సొంత మేనత్తే. వాడికిప్పుడు ఆరో ఏడు నడుస్తోంది, రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకుని బడికి పోతున్నాడు. మాటలు ఆలస్యమైన పిల్లల తల్లులు ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాయాలనిపించింది.

నేను చెప్పేది ఒకటే. పిల్లలకు మాటలు ఆలస్యమైతే మన ఊళ్ళలో అందరూ అడిగేది 'మాటలొచ్చాయా?' అని. 'ఇంకా లేదు' అంటాం. 'వస్తాయిలే' అంటారు. అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది. ఆ ప్రశ్న పక్కన పెట్టి వేరే మూడు అడగాలి. బిడ్డకు వినపడుతోందా? మనం చెప్పేది అర్థమవుతోందా? కావాల్సినదాన్ని మనకు చూపించి అడుగుతోందా? ఈ మూడు అడిగితే ఎవరి విషయంలో కాస్త ఆగొచ్చో, ఎవరి విషయంలో ఒక్క నెల కూడా ఆగకూడదో చాలావరకు తేలిపోతుంది. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు మన కళ్ళతో చూసి చెప్పుకునేది కాదు. పరీక్ష చేయించాల్సిందే.

మా ఇంట్లో కూడా చెవి పరీక్షలు చాలానే జరిగాయి. మా అత్త వాడి వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టింది. తిరిగాడు. మా మరిది బుల్లెట్ బండి స్టార్ట్ చేశాడు. వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన గుంటల దగ్గరికి తీసుకెళ్తే ఏరియేటర్ల మోతకు చప్పట్లు కొట్టాడు, డీజిల్ ఇంజను మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడిపోయాడు. "చెవులు బెమ్మాండంగా ఉండాయి పాపా, నాలికే మందం" అని మా అత్త తేల్చేసింది. పైగా వాడు 'అమ్మ' అనేవాడు, 'బా' అనేవాడు. వినపడని పిల్లాడు అమ్మ అని ఎట్లా అంటాడని నేనే అందరితో వాదించేదాన్ని.

ఎట్లా అంటాడో ఇప్పుడు తెలుసు. మ, బ, ప పెదాలతో పలికే అక్షరాలు. నా ముఖం చూసి నేర్చుకున్నాడు. త, క లాంటివి నోటి లోపల పుడతాయి, ముఖం చూస్తే దొరకవు. వాడి మాటల్లో పెదాల అక్షరాలు తప్ప ఇంకేవీ లేవని మేమెవరం గమనించలేదు. మన తెలుగు పిల్లలకు ముందుగా వచ్చే మాటలు అత్త, తాత. ఆ రెండూ వాడి నోట రాలేదు. వాళ్ళ తాత చేతుల మీదే పెరిగాడు, అయినా తాత అనలేదు. మాకు అదీ తట్టలేదు.

చెవుడు అంటే పక్కన టపాకాయ పేలినా వినపడకపోవడం అని మన లెక్క. ఆ లెక్కే తప్పు. పూర్తిగా వినపడటానికీ అసలు వినపడకపోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. మనం ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట, శబ్దం బలాన్ని కొలిచే లెక్కలో, 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మావాడికి రెండు చెవుల్లోనూ 55 దాకా ఏ శబ్దమూ వినపడదని తర్వాత తెలిసింది. అంటే బుల్లెట్ వినపడుతుంది, కుక్కర్ వినపడుతుంది, పళ్ళెం వినపడుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేను చెప్పే కథ మాత్రం గోడ అవతల ఎవరో గొణుక్కుంటున్నట్టు చేరుతుంది. అందులోనూ అచ్చులకు బలమెక్కువ కాబట్టి అవి కాస్త చేరతాయి. స, త, క లాంటి హల్లులు సన్నగా ఉంటాయి, అవి దారిలోనే పోతాయి. నేను 'తాత వచ్చాడు చూడు' అంటే వాడికి 'ఆ అ, అ ఆ ఉ, ఊ ఉ' లాంటిదేదో వినపడేదన్నమాట. అందులోంచి భాషను ఏరుకోమంటే ఏ బిడ్డ ఏరుకోగలదు?

'మూడో నెలలోనే ఉంగాలు కొట్టాడు కదా' అన్న ధైర్యం కూడా పనికిరాదు. అసలు వినపడని పసిపిల్లలూ ఉంగాలు కొడతారు. తేడా ఆ తర్వాత వస్తుంది. వినపడే బిడ్డ ఆరేడు నెలల నుంచి తన గొంతు తనే వింటూ 'బబబ, తతత, దదద' అని వరసలు కడుతుంది. పది నెలలు దాటినా ఆ వరసలు రాకపోతే అప్పుడే చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. ఏడాదికి పేరు పిలిస్తే తిరగాలి, ఒకటో రెండో మాటలు రావాలి, కాకినో కుక్కనో వేలితో చూపించాలి. ఏడాదిన్నరకు 'చెప్పులు తే' అంటే తేవాలి. రెండేళ్ళకు 50 దాకా మాటలుండాలి, 'అమ్మ రా', 'పాలు వద్దు' అని రెండేసి మాటలు జతచేయాలి. ఒక నెల అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. ఆరు నెలలు అటూ ఇటూ అయితే కూర్చోకూడదు.

వస గురించి చెప్పాలి. మా వైపు పుట్టిన బిడ్డ నాలిక మీద వసకొమ్ము అరగదీసి రాయని ఇల్లు తక్కువ. ఆగకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దు చేస్తాం. మా అత్త మావాడికి రెండేళ్ళు నిండేదాకా వారానికి రెండుసార్లు రాసింది. ఆమె ప్రేమను నేను తప్పుపట్టను. కానీ మాట నాలిక మీద పుట్టేది కాదు. ముందు చెవిలో పడాలి, బుర్రలో కుదురుకోవాలి, అన్నిటికంటే చివర నాలిక మీదికి వస్తుంది. పైగా వసలో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. దాని మూలంగా అమెరికాలో 1968లోనే వసను తినే పదార్థాల్లో వాడకుండా నిషేధించారు. వస వల్ల పసిబిడ్డలకు వాంతులు పట్టుకోవడం మన పిల్లల డాక్టర్లు చూస్తూనే ఉంటారు. నాలిక కింద తీగ కోయించడం కూడా ఇట్లాంటిదే. ఆ తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు నలిగిపోవచ్చు. రెండేళ్ళ బిడ్డకు అసలు మాటలే లేకపోవడానికి అది కారణం కాదు.

వాడికి రెండేళ్ళు దాటిన కొత్తలో మొహర్రం వచ్చింది. మా అత్త మమ్మల్ని నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకెళ్ళింది. మనవడికి మాటలు రావాలని బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. నేనూ తలమీద కొంగు కప్పుకుని ఆ రొట్టె తిన్నాను. నిండు మనసుతో తిన్నాను, ఇప్పుడిచ్చినా తింటాను. నన్ను బాధపెట్టేది వేరే. ఆ రోజు మేము నెల్లూరులోనే ఉన్నాం. దర్గా దగ్గర ఆటో ఎక్కితే చెవి పరీక్ష చేసే చోటికి కొద్ది దూరమే. మధ్యాహ్నం రైలుకు కావలి వచ్చేశాం. మొక్కులు మానమని నేను ఎవరికీ చెప్పను. మొక్కు తీర్చుకోవడానికి ఊరికి పోయినప్పుడే పరీక్ష కూడా చేయించుకు రండి అంటాను.

అంతకు ముందే, 18వ నెలలో టీకాకు వెళ్ళినప్పుడు, ఒక పిల్లల డాక్టరును అడిగాను. ఆయన వాడి ముందు చిటికె వేశారు. వాడు చూశాడు. చెయ్యి కదిలితే ఎవరైనా చూస్తారు కదా. "మగపిల్లాడు కదమ్మా, మూడేళ్ళ దాకా చూద్దాం" అన్నారు. ఇంటికొస్తే మా అత్త, "వాళ్ళ నాయనకీ నాలుగో ఏట వచ్చినాయి మాటలు, ఇప్పుడు నోరు మూయించగలమా" అంది. ఇద్దరూ నా మంచికే చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. మగపిల్లలకు సగటున కొంచెం వెనకగానే మాటలొస్తాయి, కానీ ఆ తేడా ఒక నెలో రెండు నెలలో. తండ్రికి ఆలస్యమైతే కొడుక్కీ ఆలస్యం కావచ్చు, కానీ అది ఇంకా జాగ్రత్తగా చూడటానికి కారణం కావాలి, నిశ్చింతగా ఉండటానికి కాదు.

'వస్తాయిలే' అన్న మాటకు ఇంత బలం ఎక్కడిది అని చాలా ఆలోచించాను. రెండేళ్ళకు మాటలు తక్కువగా ఉండే పిల్లలు నూటికి 10 నుంచి 20 మంది దాకా ఉంటారు. వాళ్ళలో సగానికి పైగా బడికి పోయే వయసుకు తోటి పిల్లలను అందుకుంటారు. వాళ్ళ కథలు పెళ్ళిళ్ళలో, బారసాలల్లో చెప్పుకుంటాం. 'మావాడు మూడేళ్ళదాకా నోరు తెరవలేదు, ఇప్పుడు ఇంజనీరు' అని. మిగతా పిల్లల కథలు ఎవరూ చెప్పుకోరు. వాళ్ళను పెళ్ళిళ్ళకే తీసుకురారు. మన చెవిన పడే కథలన్నీ సుఖాంతాలే కాబట్టి మనకు ధైర్యం వస్తుంది. నా బిడ్డ ఏ సగంలో ఉందో రెండేళ్ళప్పుడు ముఖం చూసి ఎవరు చెప్పగలరు?

మా వెనక వీధిలో ఒక పాప ఉంది. రెండేళ్ళకు పది మాటలు కూడా లేవు. కానీ ఏది చెప్పినా చేసేది. పాలు కావాలంటే తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళి వేలితో చూపించి, తల్లి ముఖంలోకి చూసేది. పిల్లి కనపడితే ఊరంతా చూడాలన్నట్టు అందరికీ చూపించేది. చెవి పరీక్షలో ఏ లోపమూ తేలలేదు. మూడో ఏడు దాటాక ఒక్కసారిగా అందుకుంది. ఆ పాప ఇల్లు ఉర్దూ మాట్లాడే ఇల్లు, వీధిలో తెలుగు. రెండు భాషల వల్లే మాటలు రావట్లేదని కొందరు ఆ తల్లిని భయపెట్టారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. తల్లికి ఏ భాషలో ముద్దు చేయడం, కోప్పడటం, కథ చెప్పడం బాగా వచ్చో ఆ భాషలోనే మాట్లాడాలి. బడి కోసమని రాని ఇంగ్లీషు ముక్కలు బిడ్డతో మాట్లాడే తల్లులను చూస్తే నాకు దిగులేస్తుంది. వాళ్ళ నోట్లో ఉన్న మంచి తెలుగంతా బిడ్డకు దక్కకుండా పోతోంది.

మా పిన్ని మనవడిది ఇంకో రకం. 15 నెలలకు నాలుగైదు మాటలు వచ్చాయి. రెండేళ్ళకు ఆ మాటలు పోయాయి. టీవీలో ప్రకటనలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు, ఏబీసీడీలు తిరగేసి చెప్పేవాడు. బిడ్డ చురుకని అందరూ మురిసిపోయారు. దాహమైతే మాత్రం అడగడు, చూపించడు, ఏడుస్తాడు. ఆటిజం అని, అంటే నలుగురితో కలవడం, మనసులోది పంచుకోవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా అని, తేలేసరికి నాలుగేళ్ళు నిండాయి. వచ్చిన మాటలు వెనక్కి పోతే అది ఏ వయసైనా సరే, మర్నాడే డాక్టరు దగ్గరికి పోవాలి. ఈ ముగ్గురు పిల్లల గురించీ మా బంధువులు అన్నది మాత్రం ఒకే మాట, 'లేటుగా వస్తాయిలే'.

మావాడి సంగతి చివరికి కనిపెట్టింది డాక్టరు కాదు, బంధువులు కాదు. మా వీధి అంగన్‌వాడీలో పిల్లలను చూసుకునే ఆయమ్మ. ఆమె మూడు రోజులు చూసి నన్ను పక్కకు పిలిచింది. "వాడు నా మూతి చూస్తాడమ్మా, నేను అటు తిరిగి చెప్తే అందరూ లేస్తారు, వాడు లేవడు" అంది. ఆ రాత్రి వాడు పడుకునే ముందు లైటు తీసేసి, చీకట్లో, మామూలు గొంతుతో పేరు పిలిచాను. పది సార్లు పిలిచాను. వాడు పక్కనే నా గాజులతో ఆడుకుంటూ ఉన్నాడు.

వారం తిరగకుండా నెల్లూరులో పరీక్ష చేయించాం. ముందు ఓఏఈ అని ఒకటి చేశారు. చెవిలో చిన్న గొట్టం లాంటిది పెడితే కొద్ది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత బేరా. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి, చెవుల్లో శబ్దాలు వినిపిస్తూ మెదడు దాకా ఏది చేరుతోందో కంప్యూటర్లో చూస్తారు. బిడ్డ నిద్రలో ఉంటే చాలు, నొప్పి ఉండదు, సూది ఉండదు. నిద్రపట్టకపోతే మందు ఇస్తారు. మావాడు నిద్రలోనే ఉన్నాడు, నేను ఆ తెర మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. శబ్దం తగ్గిస్తూ పోయేకొద్దీ గీతలో అల తగ్గిపోయి, ఒకచోట చదునైపోయింది. ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. రెండేళ్ళ ఐదు నెలలు నేను ఆ చదును గీత అవతల నిలబడి వాడితో మాట్లాడుతూ వచ్చాను.

బయటికొచ్చాక అడిగిన మొదటి ప్రశ్న, "మీది మేనరికమా?" అవునన్నాను. ఆ ప్రశ్న తర్వాత మా ఇంట్లో చాలా మాటలు నడిచాయి, అవి ఇక్కడ రాయను. తెలుసుకోవాల్సినది మాత్రం రాస్తాను. పుట్టుకతో వచ్చే వినికిడి లోపాల్లో పెద్ద భాగం జన్యువుల వల్ల వస్తుంది. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే జన్యువులో ఒక్కో లోపం దాగి ఉంటే, వాళ్ళిద్దరికీ బాగానే వినపడుతుంది, పుట్టే ప్రతి బిడ్డకూ లోపం వచ్చే అవకాశం మాత్రం నాలుగింట ఒక వంతు. మేనరికం కాని జంటలకూ ఇట్లా జరుగుతుంది. రక్తసంబంధంలో ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ. అయిపోయిన పెళ్ళిని తిట్టుకుని ఏం లాభం? మేనరికపు ఇళ్ళలో బిడ్డ పుడితే ఇంటికి తెచ్చుకునే లోపే చెవి పరీక్ష చేయించాలి, నేను అడిగేది అది. అట్లాగే బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు, ఐసీయూలో రోజుల తరబడి ఉన్నవాళ్ళకు, రక్తం మార్చేంత కామెర్లు వచ్చినవాళ్ళకు, మెదడువాపు జ్వరం వచ్చినవాళ్ళకు కూడా.

నిజానికి అందరికీ చేయాలి. వెయ్యిమంది పిల్లలు పుడితే ఒకరిద్దరు వినికిడి లోపంతో పుడతారు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు యంత్రమో శిక్షణో మొదలు కావాలని చాలా దేశాల్లో పాటించే లెక్క. అమెరికాలోని కొలరాడోలో పిల్లలను పరిశీలించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల లోపు లోపం కనిపెట్టిన పిల్లలకు ఆ తర్వాత కనిపెట్టిన వాళ్ళకంటే భాష బాగా వచ్చిందని తేలింది. బీసీజీ వేయకుండా బిడ్డను ఇంటికి పంపని ఆసుపత్రులు చెవి పరీక్ష చేయకుండా ఎట్లా పంపుతున్నాయి? కాన్పు చేసే ప్రతి నర్సింగ్ హోమ్‌లో ఆ చిన్న ఓఏఈ యంత్రం ఒకటి ఉండాలి. మా కాన్పు జరిగిన చోట ఉండి ఉంటే మావాడికి రెండేళ్ళు మిగిలేవి.

యంత్రాలు పెట్టిన రోజు సంగతి. రెండేళ్ళ ఏడు నెలలు వాడికి. పెట్టగానే ఏడుస్తాడని చెప్పారు, ఏడ్చాడు, పీకేశాడు. ఇంటికొచ్చి మళ్ళీ పెట్టాం. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నట్టుండి పైకి చూశాడు. మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను వాడు పుట్టకముందు నుంచీ కిర్రుమంటుంది. వాడు దాన్ని మొదటిసారి విన్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని ఎంతసేపు చూశాడో. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక మాటలు వచ్చేస్తాయనుకున్నాను. రాలేదు. స్పీచ్ థెరపీ చెప్పే మేడమ్ నాతో, వాడి వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా యంత్రం పెట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకోమన్నారు. ఆ లెక్కన వాడు చెవులు తెరిచిన పసిబిడ్డ. ముందు వినాలి, ఎన్నో నెలలు వినాలి. నాలుగో నెలలో డాబా మీద వడియాలు ఎండబెడుతుంటే కాకి వాలింది. వాడు వేలు చూపించి 'కాక' అన్నాడు. పెదాలు చూసి నేర్చుకోవడానికి వీల్లేని అక్షరం అది. చెవితో విని తెచ్చుకున్నాడు. మా అత్త ఆ రోజు వడియాలన్నీ కాకులకు వదిలేసింది.

యంత్రం పెడితే అయిపోయిందనుకునే వాళ్ళ కోసం కొంచెం పని సంగతులు. బిడ్డ చెవి పెరుగుతుంది కాబట్టి చెవిలో పెట్టే అచ్చు కొన్ని నెలలకోసారి మార్పించాలి, లేకపోతే వదులై కూత పెడుతుంది. బ్యాటరీ మీద స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి. మన సముద్రపు గాలికి, వేసవి చెమటకు గొట్టంలో తేమ చేరుతుంది, రాత్రిపూట తేమ లాగే డబ్బాలో పెట్టాలి. రోజూ పొద్దున మనం ముందు విని చూసి అప్పుడు వాడికి పెట్టాలి. మా ఇంట్లో ఆ పని మా అత్తది. చదువుకోలేదు, కానీ యంత్రం గొంతు కాస్త మారినా నాకంటే ముందు ఆమె పట్టుకుంటుంది.

థెరపీ అంటే నేను మందో మంత్రమో అనుకున్నాను. వారానికి రెండుసార్లు కావలి నుంచి నెల్లూరుకు, యాభై చిల్లర కిలోమీటర్లు, గంటకు పైగా ప్రయాణం. అక్కడ ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో మేడమ్ నేర్పింది వాడికి తక్కువ, నాకు ఎక్కువ. అప్పటిదాకా నేను వాడితో మాట్లాడేదాన్నే కాదు, పరీక్ష పెట్టేదాన్ని. 'అమ్మ అను. నీళ్ళు అను. ఇదేంటి? చెప్పు, చెప్పు.' వాడు ముఖం తిప్పుకునేవాడు. వాడి ఎత్తుకు కిందికి కూర్చుని, వాడు చూస్తున్నదాని గురించి నేనే చెప్పాలని నేర్చుకున్నాను. పిండి రుబ్బుతూ, దోసె తిప్పుతూ, కారం పూస్తూ ఆ పనిని మాటల్లో చెప్పడం. 'పాలా? నీళ్ళా?' అని రెండూ చూపించి, ఆగడం. ఆ ఆగడమే కష్టం. మనసులో పది లెక్కపెట్టుకోమన్నారు. మూడు అంకెలు దాటకముందే చేతికిచ్చేయాలనిపిస్తుంది తల్లికి. వాడు 'బస్' అంటే 'ఎర్ర బస్సు పోతోంది' అని ఒక మాట కలిపి తిరిగిచ్చేయడం. తప్పు పలికితే దిద్దకుండా, సరైన మాట మనం మళ్ళీ అనడం.

ఇవన్నీ వింటుంటే నాకు మా జేజి గుర్తొచ్చింది. అరచేతిలో పప్పు రుబ్బి, ఒక్కో వేలికి ముద్ద పెట్టి, చెయ్యంతా నడిచి చంకలో చక్కిలిగింత పెట్టే ఆట. చక్కిలిగింతకు ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, బిడ్డ ఊపిరి బిగబట్టి మన ముఖంలోకి చూస్తుంది. మేడమ్ నేర్పిన ఆగడం అదే. కథకు ఊ కొట్టించడం కూడా అదే. ఊ అనకపోతే కథ ముందుకు పోదు, కాబట్టి బిడ్డ వినాలి, తన వంతు వచ్చినప్పుడు పలకాలి. డబ్బు కట్టి నేర్చుకున్నదాంట్లో సగం మా జేజి ఒళ్ళోనే ఉంది.

ఫోను విషయంలో నన్ను చాలామంది నిందించారు. 'సెల్లు చేతికిచ్చావు, అందుకే' అని. ఫోను వల్ల నా బిడ్డ చెవులు పోలేదు, ఫోను వల్ల ఆటిజం రాదు. ఈ రెండూ తల్లులందరికీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ నింద మోసే తల్లి ఇంకొకరిని అడగడానికి కూడా సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోతుంది. అట్లాగని ఫోను మంచిదని కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించొద్దనీ చెప్పింది. ఫోను ఊ కొట్టదు, ఊ కోసం ఆగదు. అది నడిచే గంట మనం మాట్లాడని గంట. మాటలు వెనకపడ్డ బిడ్డకు ఆ గంట ఇంకా ఖరీదు.

మాకు రైలుంది, హైవే ఉంది, చేతిలో కాస్త డబ్బుంది. ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచో, ఒంగోలుకు దూరంగా కనిగిరి, పామూరు వైపు నుంచో కూలికి పోయే తల్లి వారానికి రెండు రోజులు పని మానుకుని బిడ్డనెత్తుకుని ఎట్లా వస్తుంది? థెరపీ గదిలో అట్లాంటి తల్లులను చూశాను. నాలుగు వారాలు వస్తారు, తర్వాత కనపడరు. వాళ్ళ కోసం ఉన్నవాటిని కూడా ఎవరూ చెప్పరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూడాలి, వినికిడి, మాట ఆలస్యం కూడా అందులో ఉన్నాయి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ డాక్టర్లను ఆపి అడగండి. వైకల్యం ఉన్నవాళ్ళకు సేవలందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఆర్‌సీ నెల్లూరులోనే ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ కింద పనిచేస్తుంది. వైకల్యం ఉన్నవాళ్ళకు పరికరాలిచ్చే అడిప్ అనే కేంద్ర పథకం కింద, అర్హత ఉంటే వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. యంత్రంతో కూడా లాభం లేనంత లోపం ఉంటే చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. దానికి సాయం చేసే ప్రభుత్వ పథకాలకు వయసు పరిమితి ఉంటుంది. 'చూద్దాంలే' అని ఆగితే ఆ వయసు దాటిపోతుంది, డాక్టరు కూడా చేసేదేమీ ఉండదు.

అంగన్‌వాడీ ఆయమ్మకు నేను చీర పెట్టాను. ఆమెకు కావాల్సింది చీర కాదని నాకూ తెలుసు. ఆమె చూసింది ప్రతి అంగన్‌వాడీలోనూ చూడటం నేర్పాలి. బిడ్డ వెనక నిలబడి, పళ్ళెం మోగించకుండా, మామూలు గొంతుతో పేరు పిలిచి చూడటం. వేలితో చూపిస్తోందా అని చూడటం. ఆ తర్వాత తల్లికి ఎక్కడికి పోవాలో ఒక కాగితం మీద రాసివ్వడం.

మావాడు ఇప్పుడు మాట్లాడతాడు. స ఇంకా సరిగా తిరగదు, వాక్యాలు కొన్ని తిరగబడతాయి, బడిలో పిల్లలు ఒక్కోసారి ఏడిపిస్తారు. రాత్రి యంత్రాలు తీసేస్తే వాడికి నా గొంతు చేరదు. అందుకని మా ఇంట్లో లైటు వేసే కథ చెప్పుకుంటాం. వాడు నా మూతి చూస్తూ ఊ కొడతాడు. కళ్ళు మూతలు పడుతుంటే తనే యంత్రాలు తీసి డబ్బాలో పెట్టి, "చాలు, రేపు" అంటాడు.

మొన్న కందుకూరు నుంచి మా అన్న కోడలు ఫోన్ చేసింది. పాపకు 20 నెలలు, పేరు పిలిస్తే తిరగడం లేదంట. వాళ్ళ అత్త మూడేళ్ళదాకా చూద్దామందంట. "కుక్కర్ విజిల్ వేస్తే చూస్తంది అత్తా, మరి వినపడతన్నట్టేగా?" అంది. నేను దానికి జవాబు చెప్పలేదు. "రేపు బుధవారం. పాపను పొద్దున ఐదింటికే లేపు, దార్లో బస్సులో నిద్రపోనీకు, ఆడిస్తా రా. నిద్ర ఆపుకుని ఉంటే పరీక్షకు తొందరగా పడుకుంటది. తలకు నూనె రాయొద్దు, వైర్లు అంటవు. పాలసీసా, దుప్పటి తెచ్చుకో. నెల్లూరు బస్టాండులో నేనుంటా" అన్నాను.